కుడి సీటులో తమ్ముడు

చిన్న విమానాల్లో నేర్చుకునేవాళ్ళు ఎడమవైపు కూర్చుంటారు, నేర్పేవాళ్ళు కుడివైపు. ఆవిడ కుడివైపు కూర్చోవడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఫ్లయింగ్ క్లబ్బులో అందరూ ఎదురుగా మేడమ్ అంటారు, వెనక కుడిసీటు మేడమ్ అంటారు. ఆ మాట ఆవిడ చెవిన పడకపోలేదు. పడ్డా పట్టించుకోలేదు. ఇంతకంటే మొరటు పేర్లు పెట్టించుకున్న టీచర్లు ఆ క్లబ్బులో ఉన్నారు.

మొదట్లో ఆవిడ ఉద్దేశం వేరు. కొన్నాళ్ళు పిల్లలకు నేర్పి, కావలసినన్ని ఫ్లయింగ్ గంటలు పోగుచేసుకుని పెద్ద విమానాల్లోకి వెళ్ళిపోదామనుకుంది. గంటలు పోగయ్యాయి. పెద్ద కంపెనీ నుంచి పిలుపూ వచ్చింది. సరిగ్గా అప్పుడే ఒక విద్యార్థి చదువు నడిమధ్యలో ఉన్నాడు. వీణ్ణి ఒడ్డున పడేసి వెళ్దామనుకుంది. వాడు ఒడ్డున పడేసరికి ఇంకొకడు తయారయ్యాడు. పెళ్ళి సంగతీ ఇంచుమించు ఇలాగే జరిగింది. ఎవరైనా కదిలిస్తే, "టైము కుదరలేదు" అని ఊరుకునేది. అందులో అబద్ధమేమీ లేదు.

తమ్ముడి పరుపుల కొట్టు మీద ఉన్న రెండు గదుల్లో ఆవిడ కాపురం. పొద్దున లేస్తే కింద నుంచి కుట్టుమిషను చప్పుడు, జిగురు వాసన. తమ్ముడు పరుపులూ సోఫాలూ కుడతాడు, వాటిని వ్యానులో వేసుకుని తనే ఇళ్ళకు చేరవేస్తాడు. మనిషి భారీ. తను కుట్టిన సోఫా గట్టితనం తనే కూర్చుని పరీక్షిస్తాడని, అది తట్టుకుంటే ఇక ఎవరు కూర్చున్నా తట్టుకుంటుందని వీధిలో హాస్యమాడుకునేవారు. అక్క అందుకు పూర్తిగా విరుద్ధం. విమానంలో సీటు చివరిదాకా ముందుకు లాక్కుని, వీపు వెనక దిండు పెట్టుకుంటే తప్ప కాళ్ళు పెడల్స్‌కి అందవు.

ఆవిడ పాఠం చెప్పే తీరు క్లబ్బంతటికీ తెలుసు. ఆకాశంలో ఉన్నంతసేపూ పెద్దగా మాట్లాడదు. దిగే సమయంలో మాత్రం నోరు ఆగదు. నేల దగ్గరపడ్డాక విమానం ముక్కు ఎప్పుడు ఎత్తాలన్నదే నేర్చుకునేవాళ్ళకు గండం. ముందుగా ఎత్తితే తేలిపోతుంది, ఆలస్యమైతే నేలకి కొట్టుకుంటుంది. అందుకని రన్‌వే మీదికి వచ్చాక ప్రతిసారీ, "ఉండు... ఉండు... ఇప్పుడు" అనేది. ఆ 'ఇప్పుడు' చెవిన పడగానే ఎంత మట్టిబుర్ర చెయ్యి అయినా సరిగ్గా కదిలేది. ఆవిడ విద్యార్థులు మెత్తగా దింపుతారని పేరు.

విద్యార్థి మొదటిసారి ఒంటరిగా ఎగిరే రోజున ఆవిడ కిందికి దిగి, ఖాళీ అయిన కుడిసీటు మీద దాని బెల్టు బిగించి, ఒకే మాట చెప్పేది.

"ఇది ఖాళీ సీటు. లైసెన్సు చేతికొచ్చేదాకా ఖాళీగానే ఉండాలి. పెళ్ళామైనా, ప్రాణస్నేహితుడైనా, కుక్కపిల్లయినా సరే ఎక్కించడానికి వీల్లేదు."

కుక్కపిల్ల దగ్గర అందరూ నవ్వేవారు. ఎందుకని ఎవరూ అడగలేదు, అది రూలు. ఆవిడా విడమరిచి చెప్పలేదు.

ఆ మాట చెప్పించుకున్నవాళ్ళలో తమ్ముడి కూతురూ ఉంది. ఒక్కతే కూతురు. తల్లికి వేరే ఊళ్ళో ఉద్యోగం, నెలకోసారి వచ్చి పోతుంది. దాంతో పిల్ల మేడమీద మేనత్త గదుల్లోనే పెరిగింది. చిన్నప్పుడు అత్త టోపీ పెట్టుకుని పరుపుల కట్టల మీద నుంచి దూకేది. కాలేజీలో చేరాక, వెంటపడి వెంటపడి క్లబ్బులో చేరింది. అత్త ఒకటే షరతు పెట్టింది: గేటు ఇవతల అత్తా అను, గేటు దాటితే మేడమ్ అను. పిల్ల ఆ షరతును తూచా తప్పక పాటించింది. ఒకసారి కారు సరిగ్గా గేటు మధ్యలో ఆగిపోతే, "ఇప్పుడేమనాలి?" అని అడిగింది కూడా. చెయ్యి మంచిది. ఒంటరిగా ఎన్నోసార్లు ఎగిరి దిగింది. శుక్రవారం లైసెన్సు పరీక్ష ఖాయమైంది.

ఆ ముందు ఆదివారం ఆవిడ టీచర్లకు పెట్టే తరగతి కోసం వేరే ఊరి విమానాల మైదానానికి వెళ్ళింది. సోమవారం పొద్దున మామూలుగా క్లబ్బుకు వచ్చింది. మొదటి విద్యార్థి బ్యాంకులో పనిచేసే అతను, డ్యూటీకి వెళ్ళేముందు వచ్చి నేర్చుకుంటాడు. అందరూ అతన్ని బ్యాంకు అనే పిలుస్తారు. అతను ఎడమవైపు ఎక్కాడు, ఆవిడ కుడివైపు ఎక్కి కాళ్ళు చాపింది. కాళ్ళకు ఏమీ తగల్లేదు.

సీటు చివరిదాకా వెనక్కి జరిపి ఉంది. బెల్టు లాగి చూసింది. ఆవిడలాంటివాళ్ళు ఇద్దరు పట్టేంత పొడుగ్గా వదులు చేసి ఉంది.

"దిగు" అంది.

"ఏమైంది మేడమ్? నేనింకా తప్పేమీ చెయ్యలేదే" అన్నాడు బ్యాంకు.

"నువ్వు చెయ్యలేదు. దిగు."

విమానం చుట్టూ నడిచి చూసింది. కుడి చక్రం పైన గడ్డిపోచలు ఇరుక్కుని ఎండిపోయి ఉన్నాయి. రన్‌వే మీద గడ్డి మొలవదు. మెకానిక్కును పిలిచింది. ఆయన జాకీ పెట్టి పైకెత్తి, లైటు వేసి, కాసేపు మూలిగి లేచాడు.

"ఈ చక్రం కాలు మొదట్లో పగులుంది మేడమ్ గారూ, వెంట్రుకంత. ఇలాగే ఎగిరుంటే దిగేటప్పుడు చక్రం ఒకపక్క, మీరొకపక్క." చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "నిన్న మీ పాప ఒక్కతే ఎగిరింది. గట్టిగా దింపుంటుంది. కొత్తలో మామూలే. కానీ కుడి బ్రేకు ఒక్కటే ఎందుకిలా మాడిందో నాకు పాలుపోవట్లేదు. మొత్తం విప్పాలి."

"సాయంత్రందాకా విప్పకండి. చెప్తాను."

మళ్ళీ ఒకసారి ఆ కుడిసీటు వైపు చూసింది. అంత వెనక్కి జరిపితే తప్ప పట్టని మనిషి ఆవిడ ఎరుకలో ఒక్కడే.

పరుపుల కొట్టులో తమ్ముడు ఒక సోఫాను తలకిందులుగా పడేసి, దానికి గుడ్డ బిగించి మేకులు కొడుతున్నాడు. ఎడమచేత్తో కొడుతున్నాడు. వాడిది కుడిచేతివాటం.

"అక్కా, ఏంటి ఈ వేళప్పుడొచ్చావు? ఒంట్లో బాలేదా?"

"నాకు బానే ఉంది. నీ భుజానికేమైంది?"

"ఏం లేదు. రాత్రి పడుకోవడంలో తేడా వచ్చింది."

"పరుపులు కుట్టేవాడికి పడుకోవడంలో తేడా వచ్చిందా?"

తమ్ముడు సుత్తి పక్కన పెట్టాడు. మళ్ళీ తీశాడు.

"బెల్టు ఒరుసుకుందిలే" అన్నాడు చివరికి. "దాన్నేమీ అననని మాటివ్వు, చెప్తాను."

"మాటివ్వను. చెప్పు."

చెప్పకుండా ఉండలేడు వాడు. అసలు నిన్నటి నుంచీ చెప్పడానికే ఉబలాటపడుతున్నాడు, చెప్పేందుకు మనిషి లేక ఆగాడు. టీ కొట్టు దగ్గర నేస్తాలంతా, నీ కూతురు నిజంగా ఎగురుతుందా, సైకిలు మీద వెళ్ళి చూసొస్తుందా అని ఏడిపిస్తున్నారట. పైనుంచి కొట్టు ఫొటో ఒకటి తీసి వాళ్ళ మొహాన కొట్టాలనుకున్నాడట. లైసెన్సు వస్తే మొదట స్నేహితులనే ఎక్కించుకుంటుంది, నాన్న వంతు ఎప్పటికొస్తుందో అని వారం రోజులు పిల్ల చెవిలో జోరీగలా పోరాడట. ఆదివారం అక్క బదులు ఉన్న కుర్ర టీచరు పిల్లకు ఒంటరిగా ఎగరడానికి సరేనని ఆఫీసులోకి వెళ్ళిపోయాడు. పిల్ల విమానాన్ని రన్‌వే చివరిదాకా తీసుకెళ్ళింది. తమ్ముడు కంచె సందులోంచి దూరి వెళ్ళి అక్కడ ఎక్కాడు.

"కంచె సందులో ఎలా పట్టావురా?"

"కష్టమైంది" అని ఒప్పుకున్నాడు. "కానీ అక్కా, పైనుంచి మన కొట్టు అగ్గిపెట్టంత ఉంది. మేడమీద నువ్వు ఆరేసిన దుప్పటి కూడా కనబడింది."

"దిగేటప్పుడేమైంది?"

"అదే చెప్తున్నా. ఒక్కసారి నేలకి కొట్టుకుని ఎగిరిపడ్డాం. మళ్ళీ కొట్టుకున్నాం. పిల్ల బెదిరిపోయింది. అప్పుడిక నేనే బ్రేకు తొక్కాను. ఇన్నేళ్ళు వ్యాను నడిపినవాణ్ణి, కాలు దానంతటదే పోయింది. కాస్త గడ్డిలోకెళ్ళి ఆగింది. నేనే గనక తొక్కకపోతే ఇద్దరం కంచెలో ఉండేవాళ్ళం."

వాడి మొహంలో గర్వం ఉంది. కూతురి ప్రాణం కాపాడిన తండ్రి మొహం అది. ఆవిడ పక్కనున్న ఫోము దిమ్మ మీద కూర్చుంది.

"ఏ కాలుతో తొక్కావు?"

"బ్రేకు కుడికాలుతోనేగా తొక్కేది."

"ఒరేయ్, అది వ్యాను కాదు. అక్కడ కుడి పెడల్ కుడి చక్రాన్ని ఆపుతుంది, ఎడమది ఎడమ చక్రాన్ని. నువ్వు కుడిదొక్కటే తొక్కావు. కుడి చక్రం ఆగి, ఎడమది పరిగెత్తింది. దాన్ని గడ్డిలోకి తీసుకెళ్ళింది నువ్వే. ఇప్పుడు దాని చక్రం కాలు పగిలి ఉంది, ఇంకాస్త బలంగా తొక్కుంటే రెక్క నేలకి తగిలి బోర్లాపడేది."

తమ్ముడు తన కుడికాలు వైపు చూసుకున్నాడు. "మరి అది నాకు చెప్పలేదే" అన్నాడు, పిల్ల మీద నెపం వేస్తున్నట్టు కాదు, నిజంగానే అడుగుతున్నట్టు.

"దానికి తెలిస్తే కదా చెప్పడానికి. పక్కనెక్కేవాళ్ళ కాళ్ళు ఎక్కడుండాలి, చేతులు ఎక్కడుండాలి అనేది ఆఖర్న చెప్పే పాఠం. ఈ వారమే చెప్దామనుకున్నాను. ఇప్పటిదాకా దాని పక్కన కూర్చుంది నాలాంటి టీచర్లే. మా కాళ్ళ సంగతి మాకు ఒకళ్ళు చెప్పక్కర్లేదు."

సాయంత్రం పిల్ల కాలేజీ నుంచి వచ్చి, గుమ్మంలో అత్తను చూసి ఆగిపోయింది. తండ్రి తల దించుకుని ఉన్నాడు. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. సంచీ భుజానే ఉంచుకుని, గోడకు ఆనుకుంది.

"నువ్వే ఎక్కించావా?" అంది అత్త.

"నేనే ఎక్కించాను. నాన్న అడిగాడు, కానీ సరేనన్నది నేను. రెండు నిమిషాల పని అనుకున్నా. ఎన్నిసార్లు ఒక్కదాన్నే దింపలేదు?"

"మరి నిన్నెందుకు తప్పింది? బరువా?"

"బరువూ ఉంది. నువ్వుంటే పిట్ట కూర్చున్నట్టుంటుంది, నాన్నెక్కితే లేవడానికే సగం రన్‌వే తినేసింది. కానీ..." పిల్ల గోడ మీద వేలితో గీస్తూ నిలబడింది. "దిగేటప్పుడు, పక్కన మనిషున్నాడు కదా. ఒక్కదాన్నే ఉంటే నా పని నేను చూసుకుంటాను. మనిషుండేసరికి, ఎందుకోగానీ, చెవి అటే పోయింది. నువ్వు 'ఇప్పుడు' అంటావని చూశానత్తా. నువ్వు లేవని తెలుసు. అయినా చూశాను. నాన్నేమో ఫోను పట్టుకుని, మన వీధి ఏదీ, మన వీధి ఏదీ అంటున్నాడు. ఇటు తిరిగేసరికి నేల వచ్చేసింది."

ఆవిడకు మెత్తగా దింపుతారని పేరు తెచ్చుకున్న విద్యార్థుల మొహాలు కొన్ని కళ్ళ ముందు కదిలాయి. వాళ్ళంతా ఇప్పుడు పక్కన ఎవరినో ఒకరిని కూర్చోబెట్టుకుని ఎగురుతూనే ఉండి ఉంటారు.

తమ్ముడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"అక్కా, ఒక పని చెయ్యి. విమానం గట్టిగా దిగింది, గడ్డిలోకి పోయింది, కాలు పగిలింది. ఇంతే చెప్పు. ఇందులో అబద్ధమేముంది? కొత్తలో ఎవరికైనా జరుగుతుందని మీరే అంటారు కదా. నా సంగతి ఒక్కటీ వదిలెయ్. ఇంకెప్పుడూ ఆ కంచె దాటితే ఒట్టు."

ఆవిడ మేడమీదికి వెళ్ళింది. కాళ్ళు కడుక్కుని, మంచం మీద కూర్చుంది. వాడి మాటలో ఒక్క ముక్కా అబద్ధం లేదు, అందుకే అది అంతగా లాగుతోంది. గట్టిగా దింపినందుకు ఎవరూ పరీక్ష ఆపరు. శుక్రవారం పిల్ల పాసవుతుంది, అందులో అనుమానం లేదు. పరీక్ష పెట్టేవాడి పక్కన దిగేటప్పుడు మాత్రం ఏమవుతుంది? బహుశా ఏమీ కాదు, భయంతో ఒళ్ళంతా కళ్ళు చేసుకుని దింపుతుంది. ఆ పైన ఒక ఆదివారం ఎవరో స్నేహితురాలు పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంటుంది. పిల్ల చెవి మళ్ళీ కుడివైపుకు పోతుంది. అప్పుడు అక్కడ ఎవరుంటారు?

అటు మెకానిక్కు లేని జబ్బు కోసం బ్రేకంతా విప్పుకుంటూ కూర్చుంటాడు.

కిందికి దిగి వచ్చేసరికి తండ్రీకూతుళ్ళు కదలకుండా అలాగే ఉన్నారు.

"రేపు పొద్దున క్లబ్బు చీఫ్ గారి గదిలోకి నువ్వు వెళ్తావా, నేను వెళ్ళనా?" అంది పిల్లతో.

"పరీక్ష పోతుందత్తా."

"పోతుంది."

"తర్వాత మళ్ళీ రానిస్తారా?"

"తెలీదు. నా చేతిలో లేదు."

తమ్ముడు సుత్తి కింద పడేశాడు. "నీ చేతుల్లో పెరిగిన పిల్లే ఇది. పరాయిదా?"

"పరాయిదైతే పొద్దున్నే చెప్పేసేదాన్ని. మనదనే కదా సాయంత్రందాకా ఆలోచించాను."

"నీకేం, నీకు రూలు చాలు. మనుషులక్కర్లేదు."

ఆ మాట ఆవిడకు బాగానే తగిలింది. ఫోను తీసి మెకానిక్కుకు, బ్రేకు బాగానే ఉందనీ కాలు సంగతి ఒక్కటీ చూడమనీ చెప్పింది. ఎలా తెలుసని ఆయన అడిగితే, రేపు తెలుస్తుందంది. పిల్ల ఇదంతా వింటూ నిలబడింది. మొహం కందగడ్డలా ఉంది. "నేనే వెళ్తాను" అని లోపలికి పోయింది.

మర్నాడు ఇద్దరూ కారులో క్లబ్బుకు వెళ్ళారు. చీఫ్ గారి గదిలో గోడకు ఒక విరిగిన ప్రొపెల్లర్ తగిలించి ఉంటుంది. అది ఎవరిదో, ఎలా విరిగిందో ఆయన ఎవరికీ చెప్పడు. పిల్ల కూర్చోకుండా నిలబడే మొదలుపెట్టి, కంచె దగ్గర్నుంచి గడ్డిదాకా వరసగా చెప్పింది. తండ్రి పోరాడన్న మాట ఎత్తలేదు.

"ముక్కు ఎందుకు ఆలస్యంగా ఎత్తావు?" అన్నాడాయన.

"అంచనా తప్పింది సార్."

అంతటితో ఆపేసింది. అత్త వైపు చూడలేదు. చూడకపోవడంలోనే ఆవిడకు అర్థమైంది, పిల్ల తన గురించి ఏం దాస్తోందో. నిన్న సాయంత్రం పరీక్ష పోతుందన్న అత్తను ఇవాళ వెనకేసుకొస్తోంది. ఊరుకోవచ్చు. ఊరుకుంటే తమ్ముడు చెప్పిన ఉపాయానికీ దీనికీ తేడా ఏమిటి?

"అది సగమే సార్" అంది ఆవిడ. "నేను చెప్తే తప్ప ఎత్తకుండా అలవాటు చేశాను. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ లోపం పైకి తేలదు. పక్కన మనిషి కూర్చోగానే తేలింది. దీనికొక్కదానికే కాదు, నా దగ్గర నేర్చుకున్నవాళ్ళందరికీ ఉండొచ్చు."

చీఫ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"ఒంటరిగా తప్పు చేస్తే పోయేది నువ్వొక్కదానివి" అన్నాడు పిల్లతో. "ఆ మాత్రం తెగింపుకే మేం ఒప్పుకున్నాం. రెండో ప్రాణానికి నీకు అనుమతి లేదు. పరీక్ష రద్దు. ఒంటరిగా ఎగరడం కూడా రద్దు. ఆరు నెలల తర్వాత రా, నా దగ్గర మొదటి పాఠం నుంచి నేర్చుకో. మీ అత్త దగ్గర కాదు." తర్వాత ఆవిడ వైపు తిరిగాడు. "రేపటి నుంచి వారంపాటు రెండో విమానంలో ఎడమసీట్లో నేను కూర్చుంటాను మేడమ్. చేతకాని విద్యార్థిలా ఎగురుతాను. మీరు పాఠం చెప్పండి. దిగేటప్పుడు మాట్లాడకూడదు. ఉండగలరా?"

"ప్రయత్నిస్తాను సార్."

"కుదరకపోతే నోట్లో ఏదైనా పెట్టుకుని రండి" అన్నాడు. అది హాస్యమో కాదో ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు. కుర్ర టీచర్ని పంపమని చెప్పి కళ్ళజోడు పెట్టుకున్నాడు.

వరండాలోకి వచ్చాక పిల్ల కళ్ళు తుడుచుకుంది. "నువ్వెందుకు చెప్పావు? నేను వదిలేశాను కదా."

"వదిలెయ్యడం చూశాను."

"నీక్కూడా మాట పడింది."

"పడనీ. ఆరు నెలల తర్వాత నువ్వు దిగేటప్పుడు నా గొంతు ఇంకా నీ చెవిలో ఉందంటే, అప్పుడు పడేది మాట కాదు, విమానం."

విమానం షెడ్డులో జాకీ మీద ఉంది, కుడి చక్రం కాలుతో సహా ఊడదీసి పక్కన పెట్టి ఉంది. బ్యాంకు హెడ్‌సెట్ మెడలో వేసుకుని దాని ముందు నిలబడి ఉన్నాడు. ఇద్దరినీ చూసి ఎదురొచ్చాడు.

"ఇవాళ కూడా లేనట్టేనా మేడమ్? సెలవు పెట్టి మరీ వచ్చాను."

ఆవిడ నోరు తెరిచేలోపే పిల్ల ముందుకు జరిగింది.

"ఇవాళా లేదండీ, వారందాకా ఉండదేమో. నేనే పాడుచేశాను. ఆదివారం మా నాన్నని ఎక్కించుకున్నాను."

అతను ఆవిడ వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. హెడ్‌సెట్ మెడలోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. అతనూ ఈమధ్యే ఒంటరిగా ఎగరడం మొదలుపెట్టాడు. ఏదో అడగాలా వద్దా అని తటపటాయించి, చివరికి గొంతు తగ్గించి అడిగాడు.

"అంటే, ఒక్క రౌండు కూడా... మా ఆవిడ వచ్చే ఆదివారం చూడ్డానికొస్తానంటే..."

"ఎక్కించకండి" అంది పిల్ల.

"అంత తేడా తెలుస్తుందా, పక్కన మనిషుంటే?"

"తెలీదండీ. నాకైతే నేల తగిలేదాకా తెలీలేదు."

అతను షెడ్డు పక్కనున్న బల్ల మీద కూర్చున్నాడు. పిల్ల అతని పక్కన కూర్చుని, రన్‌వే వైపు చెయ్యి చూపిస్తూ, విమానం ఎక్కడ కొట్టుకుందో, ఎక్కడ గడ్డిలోకి తిరిగిందో, తండ్రి కాలు ఎక్కడుందో చెప్పసాగింది. ఆవిడ వాళ్ళను అక్కడే వదిలి, మెకానిక్కు దగ్గరికి వెళ్ళి, పగిలిన కాలు చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది.